మోకాళ్లు బిగించొద్దు

వంట ట్రక్కు కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, గరిటెతో రేకు మీద ఠంగుమని కొట్టి, బెర్నడీన్ కుక్టా ఏటా మే నెలాఖర్న కొత్త పిల్లలకు ఒకే ఉపన్యాసం ఇచ్చేది. విస్కాన్సిన్‌లో అప్పటికింకా పొద్దున పూట చలి పోదు. డోళ్లూ బాకాలూ ఇంకా పెట్టెల్లోనే ఉండేవి. పిల్లలు చేతులు చంకల్లో దూర్చుకుని నిలబడి వినేవారు.

"నోళ్లు మూసుకుని వినండి, మళ్లీ చెప్పను. బూట్లు రెండు జతలుండాలి. మధ్యాహ్నం తిండికొచ్చినప్పుడు మేజోళ్లు మార్చుకోవాలి. తడి మేజోళ్లు బస్సు సీటు మీద ఆరేసినవాడికి నా దగ్గర కూడు లేదు. స్కూళ్ల జిమ్ముల్లో పడుకునేటప్పుడు తలుపు దగ్గర పక్కెయ్యకండి, బాత్రూముకెళ్లే ప్రతోడి కాలూ మీ మొహం మీదే పడుద్ది. ఏసీ గొట్టం కిందా వద్దు, మెడ పట్టేసిందని పొద్దున్నే నా ప్రాణం తీస్తారు. ఎండకి పూసుకునే క్రీము చెవుల వెనకా, పాపిట్లోనూ పూయండి. ముక్కుకి రాసుకుని పనైపోయిందనుకోకండి."

"ఇక నీళ్లు. దాహమేశాక తాగితే అప్పటికే ఆలస్యమైనట్టు. దాహం వెయ్యకముందే తాగాలి. ఉచ్చ ఏ రంగులో వస్తందో చూసుకోండి. నవ్వకు, ఎర్రటోపీ, నిన్నేరా! టీ రంగులోకి తిరిగిన రోజున నువ్వే నన్ను వెతుక్కుంటా వస్తావు. కండరం పట్టేస్తే ఊరేసిన దోసకాయల నీళ్లున్నాయి. కంపు కొడతాయి. అయినా తాగాలి."

"అటెన్షన్‌లో నిలబడ్డప్పుడు మోకాళ్లు బిగించొద్దు. బిగిస్తే రక్తం కాళ్లలోనే ఉండిపోద్ది, నిలువునా పడిపోతారు. కాస్త వదులుగా పెట్టండి. బూట్ల లోపల కాలివేళ్లు కదుపుతా ఉండండి, మంచె మీదున్న మహానుభావుడికి అది కనబడదు. ఏడుపొస్తే బస్సులో ఏడవకండి, అది అంటురోగం. నా ట్రక్కు వెనక్కి రండి. ఉల్లిపాయలు తరుగుతుంటాం, ఎందుకేడుస్తున్నావని ఎవడూ అడగడు. అంతే. పొండి."

ఆ ట్రక్కు నడిపేవాణ్ని నేను. నా పేరు వెండెల్. నడపనప్పుడు ఉల్లిపాయలు తరిగేవాణ్ని, తరగనప్పుడు ఆవిడ చేత తిట్లు తినేవాణ్ని. మాది రివర్ లాంటర్న్స్ అనే డ్రమ్ కోర్. బాకాలు, డోళ్లు, జెండాలు తిప్పే పిల్లలు. వేసవంతా ఊరూరా ఫుట్‌బాల్ మైదానాల్లో వాయిస్తూ, వరసలు కట్టి నడిచే ఆట ఆడి, ఆగస్టులో ఇండియానాలో పెద్ద పోటీకి చేరడం మా పని. ఇరవై ఒకటి దాటితే ఇక ఎవరినీ ఆడనివ్వరు. ఆఖరి ఏడు వచ్చిన పిల్లల్ని పలకరిస్తే చాలు, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. వాళ్లతో మాట్లాడ్డం నాకు చేతకాదు. బెర్నడీన్‌కి చేతనయ్యేది. "ఇరవై రెండో ఏట కూడా ఆకలేస్తుంది లే, తిను" అనేది.

ఆవిడ లా క్రాస్ అనే ఊరి దగ్గర పాలవాళ్ల ఇంట్లో పుట్టింది. చిన్నప్పుడు వాళ్ల చర్చి ఆడపిల్లల కోర్‌లో తాళాలు వాయించింది. ఎడమ చెవి అక్కడే పోయింది. అందుకే ఎవరితో మాట్లాడినా అరిచినట్టుండేది. అరిస్తే ఎలా ఉండేదో చెప్పక్కర్లేదు. పెళ్లయ్యాక స్కూలు వంటగదిలో చేరింది. భర్త నార్బర్ట్ చనిపోయిన ఏడాది వేసవిలో, స్కూలుకి సెలవులివ్వగానే మా ట్రక్కెక్కింది. ఎందుకొచ్చావని అడిగితే, ఇంట్లో ఫ్యాను పాడైంది అంది. ఆ తర్వాత ఎన్ని వేసవులు వచ్చినా అదే జవాబు. ఆ ఫ్యాను ఎప్పటికీ బాగుపడలేదు.

ఆవిడకి కోపం లేని రోజు నేను చూడలేదు. రొట్టె సన్నగా కోస్తే కోపం, లావుగా కోస్తే కోపం. గుడ్లు వద్దన్నవాడి మీద కోపం, రెండోసారి అడగడానికి సిగ్గుపడ్డవాడి మీద ఇంకా కోపం. అన్నిటికన్నా డైరెక్టర్ గార్త్ లిండ్‌క్విస్ట్ మీద కోపం. ఆ విషయంలో నేను ఆవిడ పక్షమే. ఇప్పటికీ అతని పేరెత్తితే నాకు ఒళ్లు మండుతుంది.

గార్త్ చెడ్డవాడని ఎవరూ అనరు. పిల్లలందరి పేర్లూ తెలుసు, వాళ్ల కుక్కల పేర్లూ తెలుసు. నవ్వు మొహం. మైదానం పక్కన ఇనప మంచె కట్టించుకుని, పైన గొడుగు కింద కూర్చుని, మైకులో మెత్తగా మాట్లాడేవాడు. అతని పద్ధతి ఒకటుంది. పిల్లల నీళ్ల క్యాన్లన్నీ మైదానం గీత బయట వరసగా పెట్టించేవాడు. అంగుళం వంకర పోకూడదు. అతను "నీళ్లు" అనేదాకా ఎవరూ వాటిని ముట్టుకోకూడదు. "ఈ ముక్క తప్పు లేకుండా రానివ్వండి, తర్వాత తాగుదాం" అనేవాడు. తప్పు వచ్చేది. మళ్లీ మొదట్నుంచి. క్యాన్లు గీత మీద ఎండలో మరిగేవి.

ఇక అటెన్షన్ సంగతి. అటెన్షన్‌లో ఉన్నవాడు తేనెటీగ కుట్టినా కదలడు. ముక్కు కారినా తుడుచుకోడు. ఇది గార్త్ కనిపెట్టింది కాదు, మా కోర్‌లన్నిటికీ అదే పరువు. పిల్లలు దాన్ని పతకంలా చెప్పుకునేవారు. "నా మెడ మీద కందిరీగ నడిచింది, నేను రెప్ప కూడా వెయ్యలేదు" అని అన్నం దగ్గర గొప్పలు. వాళ్లని కదిలించేది ఒకే ఒక్క జత చేతులు. ముందు దిమ్మె మీద నిలబడి తాళం వేసే డ్రమ్ మేజర్ చేతులు. ఆ చేతులు లేస్తే ఊపిరి, పడితే అడుగు. నేను చెప్పబోయే ఏడు ఆ చేతులు మారెన్ టాలెఫ్‌సన్‌వి. పొడుగు పిల్ల, మితంగా మాట్లాడేది, మాలో అందరికన్నా నెమ్మదిగా తినేది. అది ఆమె ఆఖరి ఏడు.

ఓక్లహోమాలో ఒక ఊరు. ప్లాస్టిక్ గడ్డి మైదానం. దాని మీద చెప్పుల్లేకుండా నిలబడితే అరికాళ్లు కాలిపోతాయి. మధ్యాహ్నం మొదట్నుంచి చివరిదాకా ఆట ఆడిస్తున్నాడు గార్త్. పెద్ద డోళ్ల వరసలో కోల్బీ అనే కొత్త పిల్లాడు ఉన్నాడు. మేలో ఎర్రటోపీ పెట్టుకుని నవ్వినవాడే. ఆట మధ్యలో ఒకచోట అందరూ అటెన్షన్‌లో ఆగి, జెండాల వాళ్లు ముందుకు పరిగెత్తాలి. ఆ ఆగిన చోట కోల్బీ ఊగాడు. తర్వాత డోలు మీదికే బోర్లా పడ్డాడు. డోలు దభీమని మోగింది.

ఎవరూ కదల్లేదు. పక్కవాడి మోచేతికి జానెడు దూరంలో పడ్డాడు, పక్కవాడు ఎదురుగానే చూస్తున్నాడు. మారెన్ చేతులు దిమ్మె మీద అలాగే ఉన్నాయి. తర్వాత ఆ చేతులు లేచాయి, బాకాలు మోగాయి, వరసలన్నీ నడిచాయి. పడ్డ పిల్లాడి చుట్టూ, బండరాయి చుట్టూ నీళ్లు పారినట్టు, అందంగా పక్కకు తప్పుకుని నడిచాయి.

బెర్నడీన్ అప్పటికే మైదానంలో ఉంది. ఒక చేత్తో దోసకాయ నీళ్ల బకెట్టు, ఒక చేత్తో ఐసు సంచి. మోకాళ్ల నొప్పులున్న మనిషి అలా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. బాకాల మధ్యలోంచి దూసుకుపోయింది. ఒకణ్ని భుజంతో తోసింది. వాడు తూలి, మళ్లీ వరసలోకి వెళ్లి నడిచాడు.

మైకులోంచి గార్త్ గొంతు వచ్చింది. "బెర్నీ, ఆట సాగుతోంది. దయచేసి మైదానం ఖాళీ చెయ్యండి. నర్సు వస్తున్నారు."

"నీ ఆట నా కాలి కింద!" అని అరిచింది బెర్నడీన్. "కిందికి దిగిరా! ఆ గొడుగు మడిచి, ఒక్క పూట ఇక్కడ నిలబడి చూడు. నీ మెదడు ఎంత పలచగా కారుద్దో నేనూ చూస్తా!"

కోల్బీని ఇద్దరం మోసుకొచ్చి ట్రక్కు నీడలో పడుకోబెట్టాం. చంకల్లో, మెడ కింద ఐసు పెట్టింది ఆవిడ. నర్సు వచ్చి చూసి, ప్రమాదం తప్పింది, రెండు రోజులు ఎండలోకి వద్దు అంది. వాడు కళ్లు తెరిచి మొట్టమొదట అడిగింది ఏమిటో తెలుసా?

"బామ్మా, నా చోటు వేరేవాడికి ఇచ్చేస్తారా?"

"నీ చోటా? ఇంకాస్తయితే నీకు శ్మశానంలో చోటు దొరికేదిరా వెధవా!"

"ఇవ్వొద్దని చెప్పవా, ప్లీజ్. నేను బానే ఉన్నా. మోకాళ్లు బిగించా, అంతే. నా తప్పే."

ఆవిడ వాడి మొహాన తడిగుడ్డ విసిరి కొట్టి లేచిపోయింది. వాడి తప్పేనట. ఎండలో గంటల తరబడి నిలబెట్టి, నీళ్లు కంటి ముందు పెట్టి ఊరించినవాడిది తప్పు కాదు, మోకాళ్లు బిగించిన పిల్లాడిది తప్పు. ఆ మాట ఆ పిల్లల చేత మనస్ఫూర్తిగా పలికించగలిగాడు చూడండి, నాకు గార్త్ మీద ఎక్కువ కోపం అక్కడే.

సాయంత్రం మారెన్ ట్రక్కు దగ్గరికి వచ్చింది. క్షమాపణ చెప్పడానికనుకున్నాను. ఎదురు దెబ్బలాడటానికి వచ్చింది.

"మమ్మల్ని అందరి ముందూ నవ్వులపాలు చేశావు బామ్మా. పక్క కోర్ వాళ్లు కంచె అవతల నుంచి చూస్తున్నారు."

"ఓహో! పడ్డవాణ్ని తొక్కకుండా నడిచినందుకు చప్పట్లు కొట్టారా వాళ్లు?"

"ఎవరూ బలవంతంగా తీసుకురాలేదు మమ్మల్ని. మా ఇష్టంతో వచ్చాం. కష్టమని తెలిసే వచ్చాం."

"కష్టం వేరు, చావు వేరు. నువ్వు చూశావా లేదా వాడు పడ్డం?"

"చూశాను."

"మరి చేతులు దించలేదేం?"

"దించితే అందరూ ఆగిపోతారు."

"అదేగా తల్లీ నేనడిగేది!"

మారెన్ మొహం ఎర్రబడింది. "అనుమతి లేకుండా ఆట ఆపిన డ్రమ్ మేజర్‌ని దిమ్మె దింపేస్తారు. నీకు తెలియదా? చిన్నప్పట్నుంచి దీనికోసమే బతికాను నేను. నాకు ఇంకో ఏడు లేదు."

"పో ఇక్కణ్నుంచి" అంది బెర్నడీన్. "నీ మొహం చూస్తే నాకు వంట చేయబుద్ధి కావడం లేదు."

నిజంగానే చెయ్యలేదు. కిటికీ దించి తాళం వేసింది. పిల్లలు వరసలో వచ్చి నిలబడితే లోపల్నుంచి అరిచింది. "క్యాన్లు గీత లోపలికి తెచ్చి, ఎవరికి దాహమైతే వాళ్లు తాగే పద్ధతి పెట్టేదాకా ఈ ట్రక్కులో పొయ్యి వెలగదు! మీ మహానుభావుడికి చెప్పండి!" నాకు కూడా ఊపొచ్చింది. పొయ్యి మీది గిన్నెలన్నీ దించేశాను.

గార్త్ ఫోన్ తీసి పిజ్జాలు తెప్పించాడు. పార్కింగులో పెట్టెలు ఎత్తుగా పేర్చారు. పిల్లలు పండగ చేసుకున్నారు. కోల్బీ కూడా ఒక ముక్క పట్టుకుని మా ట్రక్కు వైపు చూస్తూ నిలబడ్డాడు, తినాలా వద్దా అని. "తినవోయ్, ఎండిపోయి చస్తావు" అంది బెర్నడీన్ కిటికీ రేకు సందులోంచి. తర్వాత స్టూలు మీద కూర్చుని, గరిటె ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు బూతులు తిట్టింది. మొదట గార్త్‌ని, తర్వాత పిజ్జావాణ్ని, ఆఖర్న నన్ను. మర్నాడు పొద్దున్నే గుడ్లు పగలగొట్టింది. వెళ్లిపోదాం పద అన్నాను నేను. "వెళ్లిపోతే ఈ గాడిదల్ని ఎత్తుకొచ్చేది ఎవరు? నీ బాబా?" అంది.

మిస్సోరిలోకి వచ్చాక ఎండ ఇంకా ముదిరింది. కోల్బీ మళ్లీ వరసలో చేరాడు. బెర్నడీన్ పని చేసుకుంటూనే ఒక కన్ను మైదానం మీద పెట్టేది. ఒక మధ్యాహ్నం నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే ఆవిడ చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. చూశాను. అటెన్షన్‌లో ఆగారు. పెద్ద డోళ్ల వరసలో ఒక డోలు కాస్త వంగి, సర్దుకుని, మళ్లీ వంగింది. బెర్నడీన్ బకెట్టు అందుకుంది.

ఆవిడ గుమ్మం దాటకముందే మైదానం మీద చప్పుడు ఆగిపోయింది.

మారెన్ చేతులు దించేసింది. తాళం మధ్యలో, జెండాల పిల్లలు గాల్లోకి ఎగరేసిన కర్రలు ఇంకా కిందికి రాకముందే. దిమ్మె మీద చేతులు వేలాడేసుకుని నిలబడి, "నీళ్లు" అని అరిచింది. ఒక్క క్షణం ఎవరూ నమ్మలేదు. తర్వాత ఒకడు పరిగెత్తాడు. అందరూ గీత వైపు ఉరికారు. కోల్బీని ఇద్దరు చెరోవైపు పట్టుకుని నడిపించుకొచ్చారు.

గార్త్ అరవలేదు. అరిచినా బాగుండేది. సాయంత్రం అందర్నీ గడ్డి మీద కూర్చోబెట్టి, మారెన్ భుజం మీద చెయ్యి వేసి, ఈ అమ్మాయి మనసు ఎంత మంచిదో చెప్పాడు. మనసూ చేతులూ వేరువేరుగా ఉంచుకోలేనివాళ్లకి దిమ్మె బరువవుతుంది అన్నాడు. అందుకని ఆమెకి విశ్రాంతి ఇస్తున్నానన్నాడు. మర్నాటి నుంచి చేతులు ఇంకో పిల్లవి. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నా చేతిలో చాకు ఉంది, పక్కన పెట్టేసి దూరంగా నడిచాను.

బెర్నడీన్ అతని వెంటపడింది. బస్సు దగ్గర, మంచె దగ్గర, బాత్రూము బయట కూడా. "ఆ పిల్ల నీకంటే మగాడురా!" అంది. అతను నవ్వాడు. "మీ ఆవేశం నాకు తెలుసు బెర్నీ, మీ వంట అంటే మాకందరికీ ప్రాణం" అన్నాడు. పిల్లల తల్లిదండ్రులకు ఫోన్ చేసింది. క్రమశిక్షణ ఉండాలి కదండీ అన్నారు వాళ్లు. కోల్బీ వాళ్లమ్మ కూడా. ఆవిడతో మాట్లాడి ఫోన్ పెట్టేశాక బెర్నడీన్ ఒక గిన్నె సొట్టపడేదాకా గోడకేసి కొట్టింది.

మారెన్ ఇంటికి పోలేదు. మూడో రోజు పొద్దున ట్రక్కు మెట్టు మీద కనబడింది. ఏం చెయ్యమంటావని అడిగింది. బెర్నడీన్ ఆమె వైపు చూడకుండానే ఉల్లిపాయల బస్తా తన్నింది. "సన్నగా తరుగు. లావుగా తరిగితే బయటికి గెంటేస్తా." ఒక్క ఓదార్పు మాట లేదు, ఒక్క మెచ్చుకోలు లేదు. అయితే ఆ రోజు నుంచి మారెన్ కంచంలో గుడ్డు అడక్కుండానే రెండోది పడేది. మారెన్ ఏడవలేదు. ఉల్లిపాయల దగ్గర కూడా. కళ్లు పొడిగా, దవడ బిగించుకుని తరిగేది. మైదానంలోంచి సంగీతం వినిపించినప్పుడు చాకు ఆ తాళానికే పడేది. అది గమనించి ఆపేసేది. ఆ చాకు ఆగినప్పుడల్లా నాకు గార్త్ మంచెకి నిప్పు పెట్టాలనిపించేది.

ఇండియానా చేరాం. పెద్ద పోటీలో ఆఖరి రౌండుకి మా కోర్ ఎంపికవడం అదే మొదటిసారి. మా ట్రక్కు స్టేడియం పార్కింగులో, పిల్లలు వాయిద్యాలు సరిచూసుకునే చోటుకి ఎదురుగా ఆపాను. తెల్ల చొక్కాలు, ఈకల టోపీలు, మెరిసే బాకాలు. గీత మీద క్యాన్లు ఎప్పట్లానే వరసగా ఉన్నాయి. గార్త్ కోటు వేసుకుని ముందు నిలబడ్డాడు. బెర్నడీన్, మారెన్, నేను ట్రక్కు గుమ్మంలో ఉన్నాం.

"కోర్, అటెన్షన్!" అన్నాడు గార్త్.

వాళ్లు అటెన్షన్‌లోకి రాలేదు. కోల్బీ వరసలోంచి బయటికొచ్చి, డోలుతో సహా గీత దాకా నడిచి, తన క్యాన్ ఎత్తాడు. వాడి పక్కవాడు వచ్చాడు. తర్వాత బాకాలవాళ్లు, జెండాలవాళ్లు. ఎవరూ పరిగెత్తలేదు. అందరూ క్యాన్లు ఎత్తి, తలలు వెనక్కి వంచి, గుటకలు వేస్తూ తాగారు. గార్త్ ఇంకోసారి "అటెన్షన్" అన్నాడు. గొంతు మెత్తగా లేదు. ఒక్కరూ క్యాన్ దించలేదు. కొత్త డ్రమ్ మేజర్ పిల్ల కూడా తన క్యాన్‌లోంచి తాగుతోంది. పోటీవాళ్లు లోపలికి రమ్మని పిలుస్తున్నారు. అతను నిలబడి చూడాల్సి వచ్చింది, ఆఖరివాడు తాగడం పూర్తయ్యేదాకా. ఆఖరివాడు కోల్బీయే. కావాలనే నెమ్మదిగా తాగాడు.

తర్వాత ఖాళీ క్యాన్లు ఎక్కడివక్కడ వంకరటింకరగా పడేసి, వరసల్లోకి వెళ్లి అటెన్షన్‌లో నిలబడ్డారు. ఒక్కరూ మా వైపు చూడలేదు. అటెన్షన్‌లో ఉన్నవాళ్లు చూడరు.

నాకు ఈల వెయ్యాలనిపించింది. బెర్నడీన్‌కి కాదు. "ఇప్పుడా దాహమేసింది మీకు!" అని అరిచింది, పార్కింగంతా వినబడేలా. "ఆ పిల్లని దింపేసిన రోజున ఏమయ్యాయిరా ఈ గొంతులు? చప్పట్లు కొట్టారుగా! నీళ్లు తాగేసి వీరులైపోయారనుకుంటున్నారా?" ఆవిడ అన్నది నిజమే. మారెన్‌కి దిమ్మె తిరిగి రాలేదు. వాళ్లు ఆమె లేకుండానే స్టేడియంలోకి నడిచి వెళ్లిపోయారు.

లోపల మొదటి డోలు మోగింది. మారెన్ మా పక్కనే, అప్రన్ కట్టుకుని, ఉల్లిపాయల వాసన చేతులతో, నిటారుగా నిలబడి ఉంది. మడమలు కలిపి, గడ్డం ఎత్తి, కదలకుండా. మొహంలో రంగు లేదు. తను అటెన్షన్‌లో ఉన్నానని ఆమెకే తెలిసినట్టు లేదు.

బెర్నడీన్ గరిటె తీసి ఆమె మోకాలి వెనక ఒక్కటి వేసింది.

"మోకాళ్లు బిగించొద్దని మొదటి రోజే చెప్పానా లేదా!"

మారెన్ కాళ్లు సడలి, మెట్టు మీద కూలబడింది. అప్పుడు ఏడ్చింది, పెద్దగా, చిన్నపిల్లలా, నలుగురూ వెళ్లే దారిలో. ట్రక్కు వెనక్కి పో అని బెర్నడీన్ అనలేదు. పక్కన చతికిలబడి, తన నీళ్ల క్యాన్ మూత తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది.